ట్రాక్టర్ ఇంజన్ వాల్వులు దెబ్బతింటే: జబ్బు కనిపెట్టడం నుంచి టాపెట్ సెట్టింగ్ దాకా సమగ్ర మార్గదర్శి

పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా బండి అందుకోదు. అందుకున్నా ఒక సిలిండర్ మిస్ కొడుతుంది. కరిగటలో కేజ్ వీల్స్ వేసి దించితే పీకదు, పొగ మాత్రం పోస్తుంది. నాజిళ్లు మార్చినా, డీజిల్ ఫిల్టర్ మార్చినా తేడా ఉండదు. మిర్యాలగూడ ఆయకట్టులో వానకాలం నాట్ల ముందు, పాలమూరు వైపు దుక్కులు మొదలైనప్పుడు ఈ ఫిర్యాదులు వరుసగా వస్తుంటాయి. వీటిలో చాలావాటికి కారణం వాల్వే, అంటే సిలిండర్‌లోకి గాలిని రానిచ్చే, పొగను బయటికి పోనిచ్చే తలుపే.

ఒక మాట ముందే తెలుసుకోవాలి. వాల్వ్ తనంతట తాను కాలదు. గైడ్ (వాల్వ్ కాడ ఆడే గొట్టం) అరిగిపోవడమో, టాపెట్ (వాల్వ్ కాడకూ దాన్ని నొక్కే మీటకూ మధ్య ఉంచే సందు) బిగుసుకుపోవడమో, హెడ్డు (సిలిండర్ల మీద వాల్వులుండే మూత) వేడెక్కడమో ముందు జరుగుతుంది, ఆ తర్వాతే వాల్వ్ కాలుతుంది. కారణాన్ని వదిలేసి కాలిన వాల్వుకు పేస్టు రుద్ది బిగిస్తే ఒక సీజన్ కూడా తిరగదు. అందుకే కింద చెప్పిన వరుసను మార్చొద్దు: మొదట గైడ్, తర్వాత సీటు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే ఉంగరం), ఆ తర్వాతే వాల్వ్.

ఇది పుష్ రాడ్లు (కింది నుంచి నెట్టే కడ్డీలు), రాకర్లు (వాల్వును నొక్కి తెరిచే మీటలు) ఉండే 3 లేదా 4 సిలిండర్ల ట్రాక్టర్ డీజిల్ ఇంజన్ కోసం రాసింది. ఇక్కడిచ్చిన కొలతలు మామూలుగా ఉండే హద్దులు. మీ బండి సర్వీస్ పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి.

1. జబ్బు వాల్వుదేనా? హెడ్డు విప్పకముందే తేల్చుకోండి

1.1 చెవితో, కంటితో

- సైలెన్సర్ దగ్గర చప్పుడు ఒక వరుసలో రాకుండా మధ్యమధ్యలో "ఫుస్" అని తేలిపోతుంటే ఎగ్జాస్ట్ వాల్వును అనుమానించాలి.
- ఎయిర్ క్లీనర్ పైపు దగ్గర గాలి వెనక్కి తన్నుతుంటే ఇన్‌టేక్ వాల్వు పట్టడం లేదు.
- ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పున వస్తుంటే అది పిస్టన్ రింగులు, లైనర్ల (పిస్టన్ ఆడే గొట్టాల) పని. వాల్వుల జోలికి వెళ్లే ముందు దాని సంగతి చూడాలి.
- రాత్రంతా నిలబడ్డ బండి స్టార్ట్ కాగానే కాసేపు నీలం పొగ పోసి తర్వాత తగ్గితే గైడ్ల నుంచి, సీళ్ల నుంచి ఆయిల్ దిగుతోంది.

1.2 ఏ సిలిండర్?

ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టును అర చుట్టు వదులు చేసి చూడండి. బాగున్న సిలిండర్ నట్టు వదిలితే ఇంజన్ చప్పుడు పడిపోతుంది. దెబ్బతిన్న సిలిండర్ నట్టు వదిలినా ఏ తేడా ఉండదు.

ఇక్కడ జాగ్రత్త. ఆ డీజిల్ చర్మంలోకి దూసుకుపోయేంత ఒత్తిడితో చిమ్ముతుంది. కళ్లద్దాలు పెట్టుకోవాలి, నట్టు మీద మందపాటి గుడ్డ కప్పాలి, చేయి అడ్డం పెట్టకూడదు. కామన్ రైల్ ఇంజన్ (ఒకే పైపు నుంచి అన్ని నాజిళ్లకూ చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే రకం) అయితే ఈ పరీక్ష అసలే చేయొద్దు.

సిలిండర్ తెలిశాక దాని నాజిల్‌ను పక్క సిలిండర్‌లో వేసి చూడండి. మిస్ కూడా పక్కకు జరిగితే తప్పు నాజిల్‌ది. అక్కడే ఉండిపోతే కంప్రెషన్ పోయిందన్నట్టు.

1.3 టాపెట్ గ్యాప్ చూడండి

చాలామంది దాటేసే అడుగు ఇది. రాకర్ కవర్ విప్పి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అన్ని వాల్వుల గ్యాప్ కొలిచి కాగితం మీద రాయండి. ఒక వాల్వుకు గ్యాప్ అసలు లేకపోతే జబ్బు దొరికినట్టే.

వాల్వ్ సీటులోకి దిగబడే కొద్దీ దాని కాడ రాకర్ వైపు లేస్తుంది, గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ లేని వాల్వ్ పూర్తిగా మూసుకోదు. మూసుకుని సీటును తాకినప్పుడే వాల్వ్ తన వేడిని హెడ్డుకు ఇచ్చుకోగలదు. అది కుదరనప్పుడు ప్రతి పేలుడులో మంట ఆ సన్నని సందులోంచి దూరి అంచును కోసేస్తుంది. టాపెట్లు టకటక కొడుతుంటే అందరూ పట్టించుకుంటారు. చప్పుడు లేని టాపెట్ దానికంటే ప్రమాదం.

గ్యాప్ సరిచేసి అరగంట నడిపి మళ్లీ చూడండి. ముందే పట్టుకుంటే కొన్ని బండ్లు దీనితోనే బాగుపడతాయి, హెడ్డు దించే పని ఉండదు.

1.4 గాలి పరీక్ష

కంప్రెషన్ గేజ్ ఉంటే సిలిండర్లన్నీ కొలవండి. ఒకటి మిగతావాటి కంటే 3–4 బార్ తక్కువ చూపిస్తే అందులో లీక్ ఉంది. పెట్రోల్ బండ్ల గేజ్ పనికిరాదు, డీజిల్ ఒత్తిడికి పగులుతుంది.

గేజ్ లేకపోయినా పంక్చర్ షాపు కంప్రెషర్‌తో పని జరుగుతుంది. పాత నాజిల్ బాడీని ఖాళీ చేసి గాలి పైపు పట్టేలా తయారు చేయించండి. ఆ సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో సరిగ్గా పైకి తెచ్చి 4–5 బార్ గాలి వదలండి. పిస్టన్ కొంచెం అటూ ఇటూ ఉన్నా ఇంజన్ ఒక్కసారిగా తిరుగుతుంది కాబట్టి ఫ్యాన్ దగ్గర చేతులు ఉండొద్దు. తర్వాత చెవి పెట్టి వినండి.

- ఎయిర్ క్లీనర్ పైపులో బుస: ఇన్‌టేక్ వాల్వ్
- సైలెన్సర్‌లో బుస: ఎగ్జాస్ట్ వాల్వ్
- ఆయిల్ మూత దగ్గర బుస: రింగులు
- రేడియేటర్‌లో బుడగలు: హెడ్ ప్యాకింగ్ (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య వేసేది) లేదా హెడ్డు పగులు
- పక్క సిలిండర్‌లో బుస: రెండింటి మధ్య ప్యాకింగ్

2. పనికి ముందు చేతిలో ఉండాల్సినవి

సగం పనిలో హెడ్డు తెరిచిపెట్టి సామాను కోసం నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో పరుగెత్తితే ఈలోగా దుమ్ము లైనర్లలో పడుతుంది. 3 సిలిండర్ల, 6 వాల్వుల ఇంజనుకు లెక్క ఇది:

పనిముట్లు
- టార్క్ రెంచ్, సాకెట్ సెట్, రింగు పానాలు
- వాల్వ్ స్ప్రింగ్ నొక్కే టూల్
- ఫిల్లర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు), మైక్రోమీటర్, లోతు కొలిచే తోక ఉన్న వెర్నియర్
- వంకర లేని స్టీలు స్కేలు, హెడ్డు పొడవుకు సరిపోయేది
- రబ్బరు కప్పు ఉన్న వాల్వ్ రుద్దే కర్ర
- చెక్క లేదా రబ్బరు సుత్తి, చిన్న అయస్కాంతం

సామాను
- హెడ్ ప్యాకింగ్, రాకర్ కవర్ ప్యాకింగ్, మ్యానిఫోల్డ్ ప్యాకింగ్‌లు
- వాల్వ్ సీళ్లు పూర్తి సెట్
- నాజిల్ కింద వేసే రాగి వాషర్లు 3, పాతవి ఎంత మందమో అంతే మందం
- గ్రైండింగ్ పేస్టు, ముతకదీ నున్నదీ
- కిరోసిన్ లేదా డీజిల్ 2–3 లీటర్లు, నూలు గుడ్డలు
- కొత్త ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, కూలెంట్

వాల్వులు, గైడ్లు, సీటు రింగులు ముందే కొనకండి. హెడ్డు విప్పి కొలిచాక ఎన్ని కావాలో తెలుస్తుంది. వాల్వ్ లాకులు (స్ప్రింగ్‌ను కాడకు పట్టి ఉంచే చిన్న ముక్కలు) మాత్రం ఒక జత ఎక్కువ తెచ్చుకోండి. స్ప్రింగ్ ఎగిరినప్పుడు అవి ఎటు పోతాయో వెతకడం కష్టం.

3. హెడ్డు దించడం

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద బోల్టులు వదిలితే హెడ్డు వంకరపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపిన బండిని మరునాడు పొద్దున విప్పడమే మంచిది.

1. బ్యాటరీ నెగెటివ్ వైరు తీయండి. రేడియేటర్ నీళ్లు, బ్లాకు నీళ్లు వదలండి.
2. ఎయిర్ క్లీనర్ పైపు, సైలెన్సర్, మ్యానిఫోల్డులు విప్పండి.
3. నాజిల్ పైపులు తీసి రెండు చివరలకూ మూతలు పెట్టండి. ఇసుక రేణువొకటి చాలు పంపు పాడవడానికి.
4. రాకర్ షాఫ్ట్ బోల్టులన్నీ కొంచెం కొంచెంగా సమానంగా వదలండి. ఒక్కదాన్నే పూర్తిగా విప్పితే షాఫ్ట్ వంగుతుంది.
5. పుష్ రాడ్లను పైకి లాగే ముందు అటూ ఇటూ కదిపి, కింది టాపెట్‌కు (ఇక్కడ సందు కాదు, రాడ్డు కూర్చునే గిన్నె లాంటి ముక్క) అంటుకోకుండా విడదీయండి. వరుస నంబర్లు వేసిన అట్టకు గుచ్చిపెట్టండి.
6. హెడ్ బోల్టులను చివరల నుంచి మధ్యకు, రెండు మూడు విడతలుగా వదలండి.
7. హెడ్డు అంటుకుంటే సందులో స్క్రూడ్రైవర్ దూర్చొద్దు. చెక్క సుత్తితో పక్కల తట్టి ఇద్దరు పట్టి నిటారుగా లేపండి.

హెడ్డు దిగిన తర్వాత క్రాంకు తిప్పకండి. నీళ్లలో ఉండే లైనర్లున్న ఇంజన్లలో పిస్టన్‌తో పాటు లైనర్ పైకి లేస్తుంది, కింది రబ్బరు రింగులు తెగుతాయి, వాల్వుల పని కాస్తా బోరు పని అవుతుంది. తిప్పక తప్పకపోతే బోల్టు, పెద్ద వాషరు వేసి లైనర్లను బిగించాకే తిప్పండి. లైనర్ల మీద, పుష్ రాడ్ రంధ్రాల మీద శుభ్రమైన గుడ్డలు కప్పండి.

4. వాల్వుల మీద ఏం రాసుందో చదవడం

వాల్వులు తీయకముందే హెడ్డును బోర్లా తిప్పి చూడండి. ఇన్‌టేక్ వాల్వుల తల ఎక్కువగా ఎగ్జాస్ట్ కంటే పెద్దదిగా ఉంటుంది. హెడ్డును పక్కకు వాల్చి, ఒక్కో పోర్టులో (గాలి, పొగ పోయే దారిలో) కిరోసిన్ పోసి ఏ వాల్వ్ ఎంత కారుతుందో రాసుకోండి. పని అయ్యాక పోల్చుకోవడానికి ఈ కాగితం కావాలి.

తర్వాత స్ప్రింగ్ నొక్కి లాకులు తీయండి. కాడ చివర లాకు గాడి దగ్గర అంచు లేచి ఉంటే సన్న ఆకురాయితో దాన్ని తీసేసి అప్పుడే వాల్వును లాగండి. లేకపోతే ఆ అంచు గైడ్‌ను లోపలంతా గీరేస్తుంది. ఏ వాల్వ్ ఏ రంధ్రానిదో అట్ట మీద నంబరు వేసి పెట్టండి.

కార్బన్ తీయడానికి వైర్ బ్రష్ చాలు. సీటు ముఖానికి మాత్రం వైర్ బ్రష్, బ్లేడు తగలనివ్వద్దు. ఇప్పుడు ఒక్కో వాల్వును వెలుతురుకు ఎదురుగా పట్టి, వేలిగోరును అంచు చుట్టూ నడపండి. బాగున్న వాల్వుకు గోరు ఎక్కడా ఆగదు.

అంచులో ముక్క పోయింది. ఎలుక కొరికిన జొన్నరొట్టె లెక్క ఒక చోట తరిగి, చుట్టూ తెల్లగానో బూడిద రంగులోనో ఉంటుంది. ఎగ్జాస్ట్‌లోనే ఎక్కువ. టాపెట్ బిగువు, గైడ్ వదులు, సీటు మీద కార్బన్ పలుకు, సీటు సన్నబడిపోవడం, వీటిలో ఒకటి కారణం. ఆ వాల్వ్ ఇక పనికిరాదు.

సీటు తగిలే చోట గాడి పడింది. దుమ్ముతో అరుగుదల. ఇన్‌టేక్‌లో ఇలా కనిపిస్తే ముందు ఎయిర్ క్లీనర్ పైపు రబ్బరు చూడండి. క్లిప్పు వదులైతే దుమ్ము ఫిల్టర్‌ను తప్పించుకుని నేరుగా లోపలికి పోతుంది. రోటవేటర్ పని, కల్లం పని, వాడపల్లి దగ్గర సిమెంటు దుమ్ములో తోలకాలు చేసే బండ్లలో ఇది మామూలు.

కాడ ఒక వైపే మెరిసింది. గైడ్ అరిగి వాల్వ్ వాలి కూర్చుంటోంది.

ఇన్‌టేక్ మెడ మీద తారు లాంటి జిడ్డు. గైడ్, సీలు నుంచి ఆయిల్ దిగుతోంది.

కాడ వంగింది, తల మీద పిస్టన్ గుర్తు. స్ప్రింగ్ విరగడం, వాల్వ్ గైడ్‌లో బిగుసుకుపోవడం, టైమింగ్ తప్పడం, వాలులో న్యూట్రల్ తీసి దిగుతుండగా ఒక్కసారిగా కింది గేర్ వేయడం, ఇవన్నీ దారితీస్తాయి. పుష్ రాడ్‌ను కూడా గాజు పలక మీద దొర్లించి చూడండి.

తల గిన్నె లెక్క లోపలికి గుంత పడింది. మితిమీరిన వేడి. పంపులో డీజిల్ ఎక్కువ పెట్టించారా, రేడియేటర్ పనిచేస్తోందా అన్నది చూడాలి.

రేడియేటర్ గురించి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సిందొకటుంది. బోరు నీళ్లు చాలా ఊళ్లలో గట్టివి. రోజూ అవే పోస్తే హెడ్డు లోపల, ముఖ్యంగా ఎగ్జాస్ట్ సీట్ల చుట్టూ సున్నపు పొర పేరుకుంటుంది. మీటరు ముల్లు మామూలుగానే ఉంటుంది కానీ సీటు చల్లారదు. హెడ్డు నీళ్ల రంధ్రాల్లో తెల్లని పెచ్చు కనిపిస్తే దాన్ని తీయించకుండా కొత్త వాల్వులు వేయొద్దు.

5. కొలవడం

కంటికి బాగున్నట్టు కనిపించే వాల్వులు కూడా కొలతలో తేలిపోతాయి.

గైడ్. కాడ మందాన్ని మైక్రోమీటర్‌తో పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలవండి. మధ్యలో అరిగి, పైన కింద మందంగా ఉంటే ఆ వాల్వ్ మార్చాలి. గైడ్‌కూ కాడకూ మధ్య సందు కొత్తగా ఉన్నప్పుడు ఇన్‌టేక్‌కు సుమారు 0.03–0.07 మి.మీ., ఎగ్జాస్ట్‌కు కొంచెం ఎక్కువ ఉంటుంది. 0.15 మి.మీ. దగ్గరికి వచ్చిందంటే గైడ్ పోయినట్టే. కొలిచే సాధనం లేకపోతే కొత్త వాల్వును గైడ్‌లో పెట్టి సీటు నుంచి ఒక సెంటీమీటరు లేపి అటూ ఇటూ ఊపండి. కొత్త వాల్వ్ కూడా స్పష్టంగా ఊగితే తప్పు గైడ్‌దే.

వాల్వ్ అంచు మందం. సీటుకు తగిలే ముఖానికీ తలకూ మధ్య ఉండే నిలువు అంచు సాన పట్టాక కూడా 1 మి.మీ. పైన ఉండాలి. కత్తిలా పలచబడితే ఆ అంచే ముందు ఎర్రగా కాలుతుంది.

కాడ వంకర. గాజు పలక అంచున తల బయటికి ఉండేలా పెట్టి దొర్లించండి. తల ఊగితే మార్చండి, సుత్తితో సరిచేయడం వద్దు.

స్ప్రింగ్. కొత్తదాని పక్కన నిలబెట్టండి. 1.5–2 మి.మీ. కురచైతే మార్చాలి. మూలమట్టం ఆనించి తిప్పితే పై చివర 2 మి.మీ. కంటే ఎక్కువ వాలకూడదు.

హెడ్డు ముఖం. స్కేలును పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఆనించి ఫిల్లర్ గేజ్ దూర్చండి. 0.10 మి.మీ. రేకు దూరితే ముఖం కోయించాలి.

పగుళ్లు. రెండు సీట్ల మధ్య సన్నని వంతెన, నాజిల్ రంధ్రం అంచు, ఈ రెండు చోట్లా జాగ్రత్తగా చూడండి. అనుమానముంటే ఎర్ర రంగు స్ప్రే పరీక్ష చేయించండి. బండి నీళ్లు తాగుతూ వచ్చిందంటే నీళ్ల ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. పగిలిన హెడ్డుకు వాల్వుల ఖర్చు పెట్టడం వృథా.

వాల్వ్ లోతు. వాల్వ్ తల హెడ్డు ముఖానికి ఎంత లోపలికి ఉందో కొలిచి రాయండి. పుస్తకం చెప్పిన దానికంటే లోతుకు దిగితే కంప్రెషన్ తగ్గి చలికాలం పొద్దున స్టార్ట్ కాదు. దానికి విరుగుడు కొత్త సీటు రింగు. ఎంత రుద్దినా లోతు పెరుగుతుందే తప్ప తగ్గదు.

6. లేతు షాపులో ఏ పని ముందు చేయించాలి

ఇక్కడే ఎక్కువ హెడ్లు చెడిపోతాయి. హెడ్డు ఇచ్చి "వాల్వ్ గ్రైండింగ్ చెయ్" అని వచ్చేస్తే, అరిగిన గైడ్‌లోనే పైలట్ రాడ్డు (కట్టర్‌ను నిటారుగా నిలిపే కడ్డీ) పెట్టి సీటు కోసి ఇస్తారు. పైలట్ వాలితే సీటూ వాలుతుంది. అందుకని దగ్గరుండి ఇలా చెప్పండి: "అన్నా, ముందు గైడ్లు చూడు. మార్చేదుంటే మార్చి రీమర్ కొట్టినంక సీటు కోయి. ముఖం కోసినంక వాల్వ్ లోతు కొలిచి ఇయ్యి."

1. గైడ్ తీయకముందే అది ఎంత పైకి పొడుచుకుని ఉందో కొలిపించండి. కొత్తదీ అంతే రావాలి. ఎక్కువ లేస్తే స్ప్రింగ్ పై ప్లేటు సీలును గుద్దుతుంది.
2. గైడ్ దించాక రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకు తెచ్చే పనిముట్టు) వేసి, కొత్త వాల్వ్ కాడకు ఆయిల్ రాసి పెడితే తన బరువుతో నెమ్మదిగా జారాలి.
3. సీటు రింగు పగిలినా, వదులైనా, మరీ లోతుకు దిగినా కొత్తది వేయించండి.
4. సీటు కోత. మీ ఇంజన్ సీటు 45 డిగ్రీలదా 30 డిగ్రీలదా అన్నది పుస్తకంలో చూసి చెప్పండి, ఊహించి కోయించొద్దు.
5. 45 డిగ్రీల సీటు వెడల్పు తగ్గించడానికి పై నుంచి 30 డిగ్రీల కట్టర్, కింది నుంచి 60 డిగ్రీల కట్టర్ వాడతారు. ఇన్‌టేక్ సీటు సుమారు 1.5 మి.మీ., ఎగ్జాస్ట్ సుమారు 2 మి.మీ. ఉంటే సరిపోతుంది. సన్నగా ఉంటే వేడి దిగదు, మరీ వెడల్పుగా ఉంటే కార్బన్ పట్టి లీకవుతుంది.
6. హెడ్డు ముఖం కోత అతి తక్కువ ఉండాలి. ముఖం కోసినంత మేర వాల్వ్ పిస్టన్‌కు దగ్గరవుతుంది, నాజిల్ కొన కూడా ఎక్కువ బయటికి వస్తుంది. కోత తర్వాత రెండూ కొలవాలి.

కాలిన ఎగ్జాస్ట్ వాల్వును సాన పట్టి మళ్లీ వేయమని ఎవరైనా చెప్పినా ఒప్పుకోవద్దు. మిగిలిన లోహం వేడికి బలహీనపడి ఉంటుంది. దాని తల తెగి సిలిండర్‌లో పడితే పిస్టన్, లైనర్, హెడ్డు మూడూ పోతాయి.

7. పేస్టుతో రుద్దడం

రుద్దడమంటే చివరి మెరుగు మాత్రమే. సీటు కోత చేసే పనిని దీనితో చేయబోతే వాల్వ్ ముఖంలో గాడి పడుతుంది.

కాడకు రెండు చుక్కలు ఆయిల్ రాయండి. ముఖం మీద మూడు చోట్ల ఆవగింజంత పేస్టు పెట్టండి. అంతకంటే ఎక్కువైతే జారి గైడ్‌లోకి పోతుంది, గైడ్‌ను తినేస్తుంది. కొత్తగా కోసిన సీటుకు నున్న పేస్టు చాలు. చిన్న చుక్కల గుంతలుంటేనే ముతక పేస్టుతో మొదలుపెట్టండి.

కర్రను రెండు అరచేతుల మధ్య పెట్టి, మజ్జిగ చిలికినట్టు ముందుకూ వెనక్కీ తిప్పండి. ఎనిమిది పది సార్లకు ఒకసారి వాల్వును లేపి, పావు చుట్టు జరిపి మళ్లీ పెట్టండి. ఒకే చోట రుద్దితే అక్కడే అరుగుతుంది. చేతి బరువు చాలు, పైనుంచి నొక్కొద్దు. డ్రిల్ మిషన్‌కు బిగించి తిప్పడం అసలే వద్దు.

మొదట గరగరమంటుంది. పేస్టు నలిగే కొద్దీ ఆ చప్పుడు మెత్తబడి సరసరకు వస్తుంది. అప్పుడు ఆపి తుడిచి చూడండి. ముఖం మీద, సీటు మీద తెగకుండా ఒకే వెడల్పులో మసక బూడిద రంగు ఉంగరం కనబడాలి. అది వాల్వ్ ముఖానికి నడిమధ్య ఉండాలి. అంచుకు తగిలినా, మెడకు తగిలినా సీటు కోత మళ్లీ చేయించాలి.

నమ్మకం కోసం పెన్సిల్ పరీక్ష చేయండి. పేస్టు తుడిచేసి వాల్వ్ ముఖం మీద పెన్సిల్‌తో చుట్టూ 10–12 అడ్డగీతలు గీయండి. వాల్వును సీటులో పెట్టి పావు చుట్టు మాత్రమే తిప్పి తీయండి. అన్ని గీతలూ తెగితే చుట్టూ తగులుతున్నట్టు. రెండు మూడు గీతలు పక్కపక్కన మిగిలితే అక్కడ సందుంది.

రుద్దిన వాల్వ్ ఆ సీటుకే చెందుతుంది, మార్చి వేయొద్దు. హెడ్డును కిరోసిన్‌తో కడిగి, సబ్బు వేడినీళ్లతో కడిగి, గాలి కొట్టండి. తెల్లని గుడ్డ చుట్టిన కడ్డీని ప్రతి గైడ్‌లో లాగి చూడండి. గుడ్డ నల్లబడినంత సేపూ కడగాల్సిందే.

8. వాల్వులు బిగించి కిరోసిన్ పరీక్ష

1. గైడ్‌లో, కాడ మీద శుభ్రమైన ఆయిల్ రాయండి. వాల్వును దాని నంబరు రంధ్రంలోనే వేయండి.
2. లాకు గాడి మీద పలచని ప్లాస్టిక్ కాగితం చుట్టి కొత్త సీలును దాని మీదుగా దించండి. గాడి అంచుకు సీలు పెదవి తెగితే ఆయిల్ మళ్లీ దిగుతుంది.
3. స్ప్రింగ్ చుట్లు దగ్గరదగ్గరగా ఉన్న చివర హెడ్డు వైపుకు రావాలి.
4. లాకులు రెండూ గాడిలో సమానంగా కూర్చున్నాక, కళ్లద్దాలు పెట్టుకుని, కాడ చివర రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేయండి. సరిగా పట్టని లాకు ఇక్కడే ఊడుతుంది, ఇంజన్ తిరిగేటప్పుడు ఊడడం కంటే అదే నయం.

ఇప్పుడు పోర్టులన్నిటిలో కిరోసిన్ నింపి 10 నిమిషాలు వదలండి. వాల్వ్ తల చుట్టూ పొడి గుడ్డతో తుడిచి, టార్చి వేసి అంచును చూస్తూ ఉండండి. మంచి పనికి అంచు పొడిగా ఉంటుంది. లీక్ ఉంటే ముందు ఒక చోట సన్నని తడి మెరుపు కనిపించి, అది చుక్కగా ఉబ్బుతుంది. ఆ వాల్వును తీసి, తుడిచి, మళ్లీ నున్న పేస్టుతో రుద్దండి. రెండోసారీ కారితే సీటు కోత తప్పు.

9. హెడ్డు బిగించడం

బ్లాకు ముఖం మీద పాత ప్యాకింగ్ ముక్కలు మిగలొద్దు. బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు ఉంటే గాలి కొట్టి గుడ్డతో తుడవండి. అడుగు మూసుకున్న రంధ్రంలో ద్రవం ఉండగా బోల్టు బిగిస్తే టార్క్ తప్పు చూపిస్తుంది, బ్లాకు పగిలే ప్రమాదమూ ఉంది.

ప్యాకింగ్ మీద పై వైపు గుర్తు, నీళ్ల రంధ్రాలు, ఆయిల్ రంధ్రం కుదిరాయో లేదో చూసుకోండి. పుస్తకం చెప్పకపోతే లేపనం రాయొద్దు. బోల్టులను మధ్య నుంచి చివరలకు మూడు విడతల్లో బిగించండి: మొదట మూడో వంతు టార్క్, తర్వాత మూడింట రెండు వంతులు, ఆఖరికి పూర్తి. సాగే రకం బోల్టులైతే కొత్తవే వాడాలి.

పుష్ రాడ్ల కింది చివర టాపెట్ గిన్నెలో కూర్చుందో లేదో వేలితో తిప్పి చూసి, ఆ తర్వాతే రాకర్ షాఫ్ట్ దించండి. పక్కకు జారిన రాడ్డు మొదటి సెల్ఫ్‌కే వంగుతుంది.

10. టాపెట్ సెట్టింగ్

చల్లటి ఇంజన్‌కా, వేడి ఇంజన్‌కా అన్నది పుస్తకంలో ఉంటుంది. ట్రాక్టర్లలో గ్యాప్ ఎక్కువగా 0.20–0.45 మి.మీ. మధ్య ఉంటుంది. ఇన్‌టేక్‌కు, ఎగ్జాస్ట్‌కు వేర్వేరు అంకెలుండొచ్చు. పక్క బండి అంకె మీ బండికి పెట్టకండి.

3 సిలిండర్లు: క్రాంకు తిప్పుతూ 1వ సిలిండర్ రాకర్లు చూడండి. ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌టేక్ తెరుచుకోవడం మొదలయ్యే చోట ఆపి, అక్కడి నుంచి సరిగ్గా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఇప్పుడు ఆ సిలిండర్ వాల్వులు రెండూ మూసి ఉంటాయి, రెండింటినీ సెట్ చేయండి. 2కూ 3కూ ఇదే పద్ధతి.

4 సిలిండర్లు: 4వది అలా ఎగ్జాస్ట్ నుంచి ఇన్‌టేక్‌కు మారేటప్పుడు 1ని సెట్ చేయండి. 3 మారేటప్పుడు 2ను, 2 మారేటప్పుడు 3ను, 1 మారేటప్పుడు 4ను.

రేకు సందులో కొంచెం పట్టు ఇస్తూ జారాలి. నట్టు బిగించేటప్పుడు స్క్రూ తిరిగిపోవడం మామూలే, కాబట్టి నట్టు బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడందే ముందుకు వెళ్లొద్దు. రాకర్ తగిలే చోట గుంత పడితే రేకు ఆ గుంతను కొలవదు. చూపించే గ్యాప్ కంటే నిజమైన గ్యాప్ ఎక్కువ ఉంటుంది. అలాంటి రాకర్‌ను మార్చాలి.

  

11. మొదటి స్టార్ట్

కొత్త ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ వేయండి. స్టాప్ లాగి పట్టుకుని, రాకర్ల మీదికి ఆయిల్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి 10 సెకన్లు మించొద్దు. తర్వాత డీజిల్ గాలి తీసి స్టార్ట్ చేయండి. 10–15 నిమిషాలు నెమ్మదిగా తిప్పుతూ రేడియేటర్‌లో బుడగలు, ప్యాకింగ్ అంచున తడి, పుష్ రాడ్లు తిరగడం చూడండి.

ఏదైనా తేడా వస్తే:

- మిస్ అలాగే ఉంది: నాజిల్ పైపులో గాలి మిగిలిందా చూడండి, తర్వాత ఆ సిలిండర్ టాపెట్ మళ్లీ కొలవండి.
- స్టార్టే కాదు, సెల్ఫ్ తేలిగ్గా తిరుగుతోంది: గ్యాప్‌లు బిగువుగా ఉన్నాయి. సెట్ చేసేటప్పుడు సిలిండర్ వరుస తప్పి ఉంటుంది.
- ఒక్క వాల్వ్ దగ్గర టకటక: పుష్ రాడ్ వంగిందేమో, లాకు నట్టు వదులైందేమో చూడండి.
- నీలం పొగ తగ్గలేదు: సీలు తెగింది, లేదా గైడ్ వదిలి వాల్వే మార్చారు.
- లోహం తగిలిన చప్పుడు: వెంటనే ఆపండి. ముఖం కోత తర్వాత వాల్వ్ లోతు కొలవలేదేమో.

12. మొదటి 50 గంటల్లో

మొదటి రెండు మూడు రోజులు ట్రాలీ పనే చేయించండి, కరిగటలో దించొద్దు. 50 గంటల దగ్గర పుస్తకం చెబితే చల్లటి ఇంజన్ మీద హెడ్ బోల్టులు మళ్లీ టార్క్ చేసి, ఆ తర్వాత టాపెట్ గ్యాప్ అన్నీ కొలవండి. బోల్టులు బిగిస్తే గ్యాప్ మారుతుంది, అందుకే ఈ వరుస.

ఆ అంకెలను రాకర్ కవర్ లోపలి వైపు పెయింటుతో తేదీ, గంటల మీటరుతో సహా రాసిపెట్టండి. తర్వాతి సర్వీసులో ఏదైనా ఒక వాల్వ్ గ్యాప్ మిగతావాటి కంటే త్వరగా తగ్గుతూ కనిపిస్తే, ఆ సీటు దిగబడుతోందని అర్థం. ఇంజన్ ఇంకా ఒక్క మిస్ కూడా కొట్టకముందే ఆ వాల్వును పట్టుకోవచ్చు.